మందారకి మసి పట్టిందా?

మీ పెరట్లో మందార ఆకులు మసిబారి ఉన్నాయేమో ఒకసారి చూడండి. విజయనగరంలో మా ఇంట్లో అలాగే అయితే, పక్కింటివారి నీళ్లపొయ్యి పొగ అనుకుని మనసులోనే వాళ్లని తిట్టుకున్నాను. కూరలు తెచ్చే అవ్వ చూసి, "పొగ కాదమ్మా, సీమలెక్కడికెల్తన్నాయో సూడు" అంది. చూద్దును కదా, కొమ్మల నిండా గోధుమరంగు బుడిపెలు! బెరడే అనిపించేలా అతుక్కుని ఉన్నాయి.

అవే పొలుసు పురుగులు. మన వైపు చెరకు గడల మీదా వీటి జాతిదే ఒకటి పడుతుంది. మందార మీదివి రసం పీల్చి తేనెలాంటి జిగురు వదుల్తాయి. ఆ జిగురు మీద పెరిగే బూజే మనకి కనిపించే మసి. జిగురు కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి.

మావారు ఘాటైన పురుగుమందు తెచ్చి కొట్టారు. ఆ పూలు దేవుడికి పెట్టడానికి అత్తగారు ఒప్పుకోలేదు. నెల తిరక్కుండా పురుగు రెట్టింపయింది! పొలుసు కింద తల్లిపురుగు భద్రంగానే ఉంది, చచ్చిందల్లా దాన్ని తినే అక్షింతల పురుగు. అలాంటి అక్షింతల పురుగుల్లో ఒక జాతిని 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి పనిగట్టుకుని తెప్పించారు, కాఫీ తోటల్లో పొలుసు పురుగుల్ని తినడానికి. దాని పిల్ల ఒంటినిండా తెల్లటి దూదితో అచ్చం పిండినల్లిలా ఉంటుంది. చకచకా నడుస్తుంటే నలపకండి, అది మన చుట్టమే.

ఇక చెట్టు కొట్టేద్దామన్నారు మావారు. అత్తగారు కాపురానికొచ్చిన ఏడు నాటిన ముద్దమందార అది. ఆవిడ ఏమీ అనలేదు గానీ, ఆ పూట అన్నం సరిగా తినలేదు.

మర్నాడు బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి కాల్చేశాను. మిగతావాటిని పాత పళ్లబ్రష్షుతో, సబ్బునీళ్లతో తోమాను. తరవాత లీటరు నీళ్లకి చిన్న చెంచాడు వేపనూనె, అది నీళ్లలో కలవడానికి కాస్త సబ్బు. బట్టల పొడి మాత్రం వద్దు. ముందు ఒక్క కొమ్మ మీద చల్లి రెండు రోజులు చూడండి. ఎండవేళ చల్లితే ఆకు మాడుతుంది, సాయంత్రమే చల్లాలి. ఆకు అడుగు కూడా తడవాలి.

ఒక్కసారితో పోదు. పొలుసు కింది గుడ్లు విడతలుగా పిల్లలవుతాయి, పొలుసు లేని ఆ పిల్లలే మందుకి దొరికేది. అందుకే వారం, పది రోజులకొకసారి చొప్పున మూడుసార్లు చల్లాలి. చచ్చినవి కూడా కొమ్మని వదలవు, పని చెయ్యలేదని బెంగపడకండి. గోటితో గీరితే పొడిగా రాలితే చచ్చినట్టు, తడి కనిపిస్తే బతికున్నట్టు.

అన్నట్టు, ఏటికొప్పాక బొమ్మలకి పూసే లక్క ఇచ్చేదీ ఈ కుటుంబం పురుగే!

మా మందార మళ్లీ మొగ్గ తొడిగింది. చీమలెక్కకుండా మొదట్లో ఆముదం రాసిన గుడ్డ చుట్టాను. ఆరిపోతే మళ్లీ రాసే పని అత్తగారిది.