రాయి చెప్పిన రాణి ముచ్చట



హసన్‌పర్తి నుంచి హనుమకొండకు ఎన్నిసార్లు పోయి ఉంటారు? దవాఖానకు పోతారు. అంగడికి పోతారు. వేయిస్తంభాల గుడిలో దేవునికి దండం పెట్టుకొని వస్తారు. ఆ గుడి ఎవరు కట్టించారో గుడి ఆవరణలోనే రాయి మీద రాసి ఉంది. కాకతి రుద్రదేవుడు 1163లో కట్టించాడు. ఎనిమిది వందల ఏండ్లు దాటినా ఆ రాత చెరగలేదు.

ఇట్లాంటి రాతను శాసనం అంటారు. గుడి కట్టించినా, చెరువు కట్టించినా, భూమి దానం ఇచ్చినా ఆ సంగతి రాయి మీద చెక్కించేవారు. కాగితాన్ని చెదలు తింటది. రాయి నిలుస్తది. పాకాల చెరువు కట్టించినది జగదాల ముమ్మడి అని శాసనం వల్లనే తెలిసింది. రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని కూడా అట్లనే తెలిసింది. ఆ గుడి ప్రపంచమంతా కాపాడుకోవలసిన కట్టడమని 2021లో యునెస్కో ప్రకటించింది.

అప్పుడు ఓరుగల్లును ఏలిన రాజు గణపతిదేవుడు. ఆయనకు కొడుకులు లేరు. బిడ్డ రుద్రమను గద్దె మీద కూర్చోబెట్టాడు. శాసనాలలో ఆమెను 'రుద్రదేవ మహారాజు' అని మగపేరుతో రాశారు. రాజ్యం ఏలేది ఆడమనిషే, పేరు మాత్రం మగవాడిది! దేవగిరి రాజు దండెత్తి వస్తే ఆమె సైన్యం తరిమికొట్టింది. సామంతుడు అంబదేవుడు ఎదురు తిరిగితే అతనితోనూ పోరాడవలసి వచ్చింది.

ఇటలీ దేశంలో వెనిస్ అనే నగరం ఉంది. ఆ ఊరివాడు మార్కో పోలో ఎన్నో దేశాలు తిరిగాడు. ఇక్కడ ఒక రాణి న్యాయంగా ఏలుతున్నదని అతను మెచ్చుకొని రాశాడు. కానీ ఆమెను చనిపోయిన రాజు భార్య అనుకున్నాడు. ఆమె భార్య కాదు, బిడ్డ. ఆ తప్పును కూడా శాసనాలే దిద్దాయి.

మరి రుద్రమ ఎప్పుడు చనిపోయింది? చాలాకాలం ఎవరికీ సరిగా తెలియదు. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊరుంది. అక్కడ ఒక రాయి దొరికింది. దాన్ని వేయించినవాడు రాజు కాదు, మంత్రి కాదు. పువ్వుల ముమ్మడి అనే బంటు. రాణి రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారనీ, వాళ్లకు పుణ్యం కలగాలని గుడికి భూమి ఇచ్చాననీ రాయించాడు. తేదీ కూడా వేయించాడు. అది 1289 నవంబరు. ఆమె ఎట్లా చనిపోయిందో ఆ రాయి మీద లేదు.

ఒక్కటి ఆలోచించండి. ఆ రాయిని ఎవరైనా పగలగొట్టి ఇంటి పునాదిలో వేసి ఉంటే? లంకెబిందెలు ఉన్నాయని తవ్వి పారేసి ఉంటే? ఎన్నో ఊళ్లలో అక్షరాలున్న రాళ్లు చెరువుగట్టున, గుడి వెనుక, చేను ఒడ్డున పడి ఉంటాయి. కొన్నింటి మీద బట్టలు ఉతుకుతారు. తప్పు ఉతికేవాళ్లది కాదు. అవి అక్షరాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అట్లాంటి రాయి కనబడితే సున్నం పూయకుండా, పసుపు రాయకుండా పంచాయతీలో చెప్పాలి. పురావస్తు శాఖ వాళ్లు వచ్చి చదువుతారు.

పాత అక్షరాలు ఇప్పటి అక్షరాల లెక్క ఉండవు. వేయిస్తంభాల గుడి శాసనం సంస్కృతంలో ఉంది, లిపి మాత్రం పాత తెలుగు లిపి. ఈసారి పోయినప్పుడు దాని ముందర కొంచెంసేపు నిలబడండి. ర, గ లాంటి అక్షరాలు కొన్ని గుర్తుపట్టవచ్చు.