ఉత్తరువు లేని బదిలీ
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘపు సభలలో సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగించుట వాడుక. నేడు కార్యదర్శిగారు నాకు విషయము నెన్నుకొను స్వేచ్ఛ నొసగిరి. కావున మనకందరకును అనుభవములోనున్న యొక పనిని, మనము చూడని రూపములో మీ ముందుంచ దలచితిని. ఆ పని బదిలీ. ఉత్తరువు చేతికి వచ్చుట, పెట్టెలు సర్దుట, పిల్లల బడి మాన్పించుట, పాలవానికి, చాకలికి బాకీలు తీర్చుట, రైలెక్కుట: ఇవి మన యిండ్లలో చిన్నపిల్లలకు సైతము కంఠస్థములు. అయితే ఉత్తరువు లేకయే, ప్రయాణభత్యము లేకయే, వేరొక ఖండమునకు, దారిలేని కొండల నడుమ చిన్న విమానము నడుపుటకై భార్యాబిడ్డలతో తరలిపోవు కుటుంబములు కలవు. క్రైస్తవ మిషనరీ విమానసేవ యనబడు ఆ పనికి ఒక సంసారము ఎట్లు సిద్ధపడునో చెప్పెదను. మతవిషయమును సమర్థించుటయు, ఖండించుటయు నా యుద్దేశము కాదు.

రెండవ ప్రపంచయుద్ధములో విమానములు నడిపిన కొందరు అమెరికా యువజనులు 1945లో ఒక సంఘముగా నేర్పడిరి. అదియే పిమ్మట మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ అను పేర ప్రసిద్ధమయ్యెను. ఆ సంఘమునకు తొలి విమానము నడిపినది బెట్టీ గ్రీన్ అను యువతి యనిన మీకు వింత తోచవచ్చును. యుద్ధకాలమున మహిళా వైమానిక దళములో పనిచేసిన ఆమె, 1946 ఫిబ్రవరిలో ఇద్దరు సేవికల నెక్కించుకొని మెక్సికో దేశమునకు విమానము నడిపెను.

మన తెలుగుదేశమునకు మిషనరీలు వచ్చిన కాలము వేరు. 1836లో విశాఖపట్టణమునకు వచ్చిన శామ్యూల్ డే గాని, 1842లో గుంటూరు చేరిన హైయర్ గాని సముద్రముపై నెలలు గడిపి వచ్చినవారే. కాని రేవు దిగిన పిదప వారికి బండి పోవు బాట యైనను ఉండెను. పాపువా న్యూగినీ వంటి దేశములో నేటికిని ఆ సదుపాయము అంతటను లేదు. రాజధానియగు పోర్ట్ మోర్స్‌బీ నుండి ఎగువ కొండసీమలకు రోడ్డు లేదు. ఎనిమిది వందలకు పైగా భాషలు గల దేశమది. ఒక లోయ నుండి పక్క లోయకు నడిచిన దినములు పట్టును; విమానమున నిమిషములు చాలును. 1951 నుండి ఈ సేవాసంఘము వారి విమానములు అచ్చట తిరుగుచున్నవి. ఒక దినము మందులు, మరియొక దినము పాఠశాలకు పుస్తకములు, ఇంకొక దినము రైతుల కాఫీ గింజల బస్తాలు, నడుమ ప్రసవవేదన పడుచున్న యొక తల్లి: ఇది వారి సరకు.

ఇట్టి పనికి పోదలచిన గృహస్థునకు మొదట కావలసినది విద్య. విమానము నడుపు లైసెన్సు ఒక్కటియే చాలదు. మబ్బులలో కేవలము పరికరములను చూచి నడుపు అర్హతయు, పెక్కుమందికి విమానము విప్పి మరమ్మతు చేయు అర్హతయు ఉండవలెను. అడవిలో యంత్రము మొరాయించిన పిలుచుటకు మేస్త్రీ యెవ్వడును ఉండడు. కొండసీమలోని విమానస్థలములు పొట్టివి, వాలుగా నుండునవి. పెక్కింటిపై ఏటవాలు నెక్కుచు దిగవలెను. పల్లమునకు పరుగిడుచు ఎగురవలెను. ఒక హద్దు దాటి వచ్చిన పిదప వెనుకకు మరలుటకు వీలుండదు. ఎత్తైన చోట, ఎండవేళ గాలి పలుచనై విమానము మోయగల బరువు తగ్గును. అందుచేతనే ప్రయాణికులను సైతము మూటలతో పాటు తూచి ఎక్కింతురు. ఉదయము తేటగా నున్న కనుమ మధ్యాహ్నమునకు మబ్బుతో మూసికొనిపోవును. కావున ఇట్టి వైమానికునకు నేర్పు ప్రథమ గుణము సాహసము కాదు. "నేడు రాను" అని చెప్పగల ధైర్యము. రోగి ఎదురు చూచుచుండగా ఆ మాట చెప్పుట ఎంత కష్టమో యోచింపుడు.

రెండవది ధనము. ఇట్టి సంఘములలో పెక్కింట నెలజీతము ఖజానానుండి రాదు. కుటుంబమే ఊరూర తిరిగి, ప్రార్థనామందిరములలో మాటాడి, బంధుమిత్రుల నడిగి, నెలనెలకు ఇంత యిత్తుమను వాగ్దానములను కూడబెట్టుకొనవలెను. ఇందుకు ఏడాదియో, అంతకు మించియో పట్టవచ్చును. చదువుకొని, చేతిలో గౌరవమైన వృత్తి యుండి, పరుల యింట చేయి చాచుట యనగా నేమో మనబోటి మధ్యతరగతి వారికి వేరుగా చెప్పనక్కరలేదు. అయినను ఆ యాచనలో నొక మేలు కలదు. ఎవరి డబ్బుతో తాము ఎగురుచున్నారో వారికి పేరుపేరున తెలియును.

మూడవది గృహిణి సిద్ధపాటు. ఈక్వడార్ దేశపు తూర్పు అడవుల అంచున షెల్ మేరా అను చోట, చమురు కంపెనీ విడిచిపోయిన స్థావరమున, నేట్ సెయింట్ అను వైమానికుడు 1948లో కాపురము పెట్టెను. ఆయన గిరికీలు కొట్టు విమానమునుండి పొడవైన త్రాటితో బొక్కెన దించి, అది నేలపై ఇంచుమించు కదలక నిలుచునట్లు చేయు ఉపాయమును కనిపెట్టిన నేర్పరి. ఆయన భార్య మార్జ్ ఇంటిలో రేడియో ముందు కూర్చుండి విమానము ఎచ్చట నున్నదో నిమిషనిమిషము వ్రాసికొనెడిది. వచ్చుపోవు అతిథులకు అన్నము, ముగ్గురు బిడ్డల పెంపకము, రేడియో కాపలా ఆమెవి. 1956 జనవరి 8వ తేదీన, సాయంత్రము నాలుగున్నర ప్రాంతమున మరల మాటాడుదునన్న భర్త గొంతు ఆమెకు మరి వినరాలేదు. బయటివారితో పొత్తు లేని వావోరానీ తెగవారిని కలిసికొన బోయిన ఆయనయు, నలుగురు సహచరులును నదీతీరమున బల్లెములకు బలియైరి.

ఈ కథను వీరగాథగా పెక్కుమంది చెప్పినారు. ఆ యువకుల త్యాగము నిజము. 1958లో నేట్ సోదరి రేచెల్‌ను, హతులలో నొకని భార్యయగు ఎలిజబెత్ ఎలియట్ తన మూడేండ్ల కుమార్తెతోను ఆ తెగవారి నడుమనే నివసింప బోయిరనుటయు నిజము. పగకు బదులు కాపురము పెట్టుట సామాన్యమైన మాట కాదు. కాని కథకు ఆవలి దరి కూడ కలదు. వావోరానీలు రబ్బరు వ్యాపారుల కాలమునుండి బయటివారి చేతులలో బాధలు పడినవారు. ఆకాశమునుండి దిగినవాడు మిత్రుడో శత్రువో వారికేల తెలియును? సంపర్కము పెరిగిన పిమ్మట 1969లో పోలియో వ్యాపించి కొందరు మరణించిరి. చమురు వెదకువారు వారి నేలలోనికి చొచ్చిరి. అర్ధశతాబ్దము గడచిన పిదప, 2019లో, పస్తాజా ప్రాంతపు వావోరానీలు న్యాయస్థానమున కెక్కి, తమ భూమిని చమురుకై వేలము వేయుటకు ముందు తమను సరిగా అడుగలేదని వాదించి గెలిచిరి.

ఈ "అడుగుట" యనునదియే నేటి నా ప్రసంగమునకు ఆయువుపట్టు. చందా యిమ్మని ఇరుగుపొరుగును అడుగు కుటుంబము, మీ యింటికి రావచ్చునా యని దిగబోవు ఊరిని కూడ అడుగవలెను. అందులకు భాష కావలెను. పాపువా న్యూగినీకి పోవువారు టోక్ పిసిన్, ఇండోనేషియాకు పోవువారు ఆ దేశభాష నేర్వవలెను. పెద్దచదువులు చదివిన దంపతులు చంటిబిడ్డలవలె అంగడిలో ఉప్పు, పప్పు పేర్లు తప్పుగా పలికి నవ్వులపాలగుట యొక మంచి శిక్షణ. గడ్డి కోసి, రాళ్లేరి, విమానస్థలమును బాగుచేసి యుంచువారు ఆ ఊరివారే. వారు మానిన, ఎంత గొప్ప విమానమైనను దిగజాలదు.

ఇక పిల్లలు. ఉత్తరువున్నను లేకున్నను వారి నెవ్వరును అడుగరు. బొమ్మలలో ఏవి పెట్టెలో పట్టునో, ఏవి పట్టవో అన్నదే వారికి తెలియు వీడుకోలు. 1950ల దశకమున జాన్ యూసీమ్, రూత్ యూసీమ్ అను సామాజిక శాస్త్రజ్ఞులు మన భారతదేశముననే, ఇచ్చట నివసించిన అమెరికా కుటుంబములను పరిశీలించి, తల్లిదండ్రుల దేశమునకును, నివసించు దేశమునకును నడుమ పెరుగు బిడ్డలది మూడవ సంస్కృతి యని పేరిడిరి. ఆ బిడ్డలకు "మీ ఊరేది?" అను ప్రశ్నయే మిక్కిలి కఠినమైన పరీక్ష.

సోదరులారా, ఈ ప్రశ్నకు మన బిడ్డలు మాత్రము వెంటనే బదులు చెప్పగలరా? ఢిల్లీలో పుట్టి, బడిలో హిందీ, ఇంగ్లీషు మాటాడి, వేసవికి మాత్రము తాతగారి యూరు చూచు మన పిల్లలును ఆ మూడవ సంస్కృతికి చుట్టములే. మన సంఘము ఉగాదికి పెట్టు నాటకము, ఆదివారపు తెలుగు తరగతి ఆ ప్రశ్నకు మనము వ్రాసి యిచ్చు జవాబులో ఒక పంక్తి. తక్కిన పంక్తులు ఇంటిలో వ్రాయవలెను. తరలిపోవుటకు ముందు బిడ్డను కూర్చుండబెట్టి, ఎచ్చటికి పోవుచున్నామో, ఏల పోవుచున్నామో, ఏది విడిచిపోవుచున్నామో చెప్పి, వాని మాట వినుట, పెట్టెలకు తాళము వేయుటకన్న ముందు చేయవలసిన పని.

తాను మోయగల బరువు తెలిసికొనుట, సాయము చేసినవారి పేర్లు మరువకుండుట, పోయిన చోట అనుమతి నడుగుట, ఇంటిలోని చిన్నవారి మాట వినుట: ఈ నాలుగింటిని ఆ విమాన కుటుంబముల సిద్ధపాటునుండి మనము, మత మేదైనను, ఉద్యోగ మేదైనను, గ్రహింపవచ్చును.