లైనక్స్‌లో యూఎస్‌బీ డిస్క్ స్లోగా ఉందా? సెట్టింగ్స్ జోలికి వెళ్లకముందు ఇది చూడండి

ఈరోజు లైనక్స్ వాడేవాళ్లలో చాలామందిని విసిగించే సమస్య గురించి మాట్లాడుకుందాం. అదే, యూఎస్‌బీ హార్డ్ డిస్క్ నత్తనడక.

మొన్నామధ్య మా అక్క పాత ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. అందులో ఉబుంటు ఉంది. "ఒరేయ్, ఇది ఎప్పుడు పోతుందో తెలీదు. పెళ్లి వీడియోలన్నీ నీ డిస్క్‌లోకి కాపీ చేసెయ్. 9 గంటలకి నా బస్సు" అంది. మొత్తం 200 జీబీ. టైమ్ అప్పటికే 7 దాటింది.

కాపీ మొదలుపెట్టాను. మొదట్లో స్పీడ్ అదిరిపోయింది. కాసేపటికి సెకనుకి 35 ఎంబీకి పడిపోయింది. అంటే గంటన్నర పైనే! కాపీ ఆపేసి, ఫైల్ సిస్టమ్ మీద డౌట్ పడ్డాను, కెర్నల్ సెట్టింగ్స్ కెలికాను. అరగంట వేస్ట్.

అప్పుడు మొదటే చేయాల్సిన పని చేశాను. టెర్మినల్‌లో 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' అని కలిపి కొట్టి, స్పేస్ ఇచ్చి, హైఫన్, చిన్న టీ. డిస్క్ ఉన్న లైన్ చివర 480ఎం అని వచ్చింది. అది యూఎస్‌బీ 2 స్పీడ్. 480 మెగాబిట్లు అంటే లెక్కకి 60 ఎంబీ, చేతికొచ్చేది 30, 40 మాత్రమే. యూఎస్‌బీ 3 అయితే అక్కడ 5000ఎం ఉండాలి.

డిస్క్ యూఎస్‌బీ 3, పోర్ట్ కూడా యూఎస్‌బీ 3. మరి తేడా ఎక్కడ? కేబుల్‌లో! డిస్క్‌తో వచ్చిన కేబుల్ కనిపించక, పాత ఫోన్ ఛార్జింగ్ కేబుల్ పెట్టాను. ఇలాంటి డిస్కుల సాకెట్ రెండు భాగాలుగా ఉంటుంది. పెద్ద భాగంలో పాత మైక్రో యూఎస్‌బీ చక్కగా పట్టేస్తుంది, పనీ చేస్తుంది. కానీ యూఎస్‌బీ 3కి కావాల్సిన మిగతా 5 పిన్నులు ఆ పక్క చిన్న భాగంలో ఉంటాయి. అసలు కేబుల్ వెతికి పెట్టగానే 5000ఎం వచ్చింది, స్పీడ్ 110 ఎంబీ దగ్గర నిలబడింది. అరగంటలో పని అయిపోయింది.

బార్ 100కి రాగానే అక్క కేబుల్ లాగబోయింది. "అక్కా, ఆగు!" అని అరిచాను. ఎందుకంటే లైనక్స్ ముందు డేటాని ర్యామ్‌లో పెట్టుకుని, తర్వాత మెల్లగా డిస్క్‌లోకి రాస్తుంది. మొదట్లో కనిపించిన ఆ స్పీడ్ కూడా దానివల్లే. ఇప్పుడే లాగేస్తే చివరి వీడియోలు పాడవ్వచ్చు. అందుకే 'సింక్' అని కొట్టి, ప్రాంప్ట్ తిరిగొచ్చేదాకా ఆగండి. తర్వాత ఎజెక్ట్ చేసి తీయండి.

5000ఎం ఉన్నా స్లోగానే ఉందంటే, 'డీమెసేజ్' అంటే డీ, ఎం, ఈ, ఎస్, జీ కమాండ్‌ని సుడోతో రన్ చేయండి. అందులో ఐ/ఓ ఎర్రర్ అని పదేపదే వస్తుంటే స్పీడ్ సంగతి వదిలేయండి. ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరేచోటికి కాపీ చేసుకోండి, డిస్క్ పోయే దశలో ఉండొచ్చు.

అక్కకి బస్సు అందింది. అరగంట వేస్ట్ చేసిన తిట్లు మాత్రం నాకు మిగిలాయి. మీరు ఆ తప్పు చేయకండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను మరి.