డ్రమ్ముల ధ్వనిముద్రణము: క్రొత్తవారికి బోధించు క్రమము



శ్రుతిని తల్లిగాను, లయను తండ్రిగాను భావించిన సంప్రదాయము తెలుగువారిది. ఆ సంప్రదాయమునందు పెరిగిన పిల్లలు నేడు మృదంగముతోపాటు పాశ్చాత్యుల డ్రమ్ము వాద్యములను గూడ అభ్యసించుచున్నారు. వాయించుట ఒక విద్య. వాయించినదానిని స్టూడియోలో ముద్రించుట వేఱొక విద్య. ఈ రెండవ విద్యను క్రొత్తవారికి ఏ క్రమమున నేర్పవలెనన్నదే ప్రస్తుత విషయము.

డ్రమ్ము కిట్టు అనునది పేరునకు ఒకే వాద్యము గాని, నిజమునకు ఒక చిన్న మేళము. కాలితో మ్రోగించు బాస్ డ్రమ్ము, క్రింద లోహపు తీగలు గల స్నేర్ డ్రమ్ము, టామ్‌లు, హై‌హాట్, పెద్ద సింబల్ పళ్ళెములు—ఇవియన్నియు ఒక్క మనుష్యుని నాలుగు అవయవముల వశమున నుండును. 1909లో అమెరికాలోని లడ్విగ్ సోదరులు వేగముగా పనిచేయు కాలి పెడలును రూపొందించిన పిమ్మట ఈ కూర్పు స్థిరపడుటకు మార్గము సుగమమైనది. వాద్యములు పెక్కు, వాటి మధ్య దూరము స్వల్పము. కావున ఒకదాని కొఱకు ఉంచిన మైక్రోఫోను తక్కినవానిని గూడ విని తీరును. ఈ విద్యయందలి చిక్కు అంతయు ఇందే యున్నది.

1925లో విద్యుత్ ధ్వనిముద్రణము వాడుకలోనికి రాకముందు కళాకారులు ఒక పెద్ద కొమ్ము ఎదుట నిలిచి వాయించెడివారు. బాస్ డ్రమ్ము దెబ్బకు మైనపు పలకపై గీత గీయు సూది అదరిపోవునను భయమున డ్రమ్ము వాద్యకారుని దూరముగా కూర్చుండబెట్టుటయో, కొయ్యదిమ్మెలతో సరిపుచ్చుకొమ్మనుటయో జరిగెడిది. నేటి విద్యార్థికి ఆ బాధ లేదు. అతని బాధ సౌకర్యముల ఆధిక్యమువలన వచ్చినది. స్టూడియోలో పదిపండ్రెండు మైక్రోఫోనులు కనబడగానే అన్నిటిని ఒక్కసారిగా నిలబెట్టవలెనని తోచును. గురువు మొదట వారింపవలసినది ఆ తొందరనే.

మొదటి పాఠమునకు మైక్రోఫోనే అక్కరలేదు. విద్యార్థిని గదిలో నిలిపి వాద్యమును విననీయవలెను. మృదంగ విద్వాంసుడు కచ్చేరికి ముందు రాతితోను కొయ్యతోను మెల్లగా తట్టి శ్రుతి కలుపుకొనునట్లే, డ్రమ్ము వాద్యకారుడును అంచుచుట్టు గల మరలను బిగించుచు, ప్రతి మర చెంత పొరను తట్టి చూచి, నాదము అంతట సమానమగునట్లు చేసికొనవలెను. శ్రుతి తప్పిన డ్రమ్మును ఎంత విలువగల యంత్రమును బాగుచేయజాలదు. ఈ మాటను చెప్పుట చాలదు. సరిచేయుటకు ముందొకసారి, పిదప ఒకసారి వినిపింపవలెను.

రెండవ పాఠమునకు ఒక్క మైక్రోఫోను చాలును. దానిని వాద్యమునకు ఎదురుగా నాలుగైదు అడుగుల దూరమున నుంచి ముద్రించి, పిదప ఒక్కొక్క అడుగు జరుపుచు మరల ముద్రింపవలెను. దగ్గరైనకొలది దెబ్బ స్పష్టమగును. దూరమైనకొలది గది పలుకును. ఈ భేదమును స్వయముగా విన్న విద్యార్థి దానిని మరువడు.

మూడవ పాఠమున వాద్యముపైన రెండు మైక్రోఫోనులు చేరును. ఇక్కడ ఒక దారపు ముక్క మహోపకారి. లండనులో 1968లో లెడ్ జెపెలిన్ బృందపు తొలి ఆల్బమును ముద్రించిన గ్లిన్ జాన్స్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతిలో, ఒక మైక్రోఫోను స్నేర్‌కు పైన సుమారు ఒక మీటరు ఎత్తున నుండును. రెండవది నేలపై నిలుచు టామ్ ప్రక్కన, స్నేర్ మధ్యనుండి సరిగా అంతే దూరమున నుండును. కారణమేమన, ధ్వని సెకనునకు సుమారు 343 మీటర్లు పయనించును. రెండు దూరములకు 17 సెంటీమీటర్ల భేదమున్నచో ఒకే దెబ్బ రెండవ మైక్రోఫోనునకు సెకనులో రెండువేలవ వంతు ఆలస్యముగా చేరును. ఆ రెంటిని ఒకటిగా కలిపినపుడు 1000 హెర్ట్‌జ్ ప్రాంతమున ఒక తరంగపు శిఖరము మరియొక తరంగపు లోయపై బడి, నాదము కృశించును.

పిదప బాస్ డ్రమ్మునకు ఒకటి, స్నేర్‌కు ఒకటి. 1966లో బీటిల్స్ బృందపు ‘రివాల్వర్’ ముద్రణమందు జెఫ్ ఎమెరిక్ బాస్ డ్రమ్ములో ఉన్ని స్వెట్టరు కుక్కి, నాటి నియమములకు విరుద్ధముగా మైక్రోఫోనును మిక్కిలి దగ్గరకు జరిపెను. స్నేర్ మైక్రోఫోనును అంచునకు రెండంగుళముల పైన, వెనుకభాగము హై‌హాట్ వైపునకు ఉండునట్లు నిలిపినచో హై‌హాట్ చొరబాటు తగ్గును. స్నేర్ క్రింద మరియొకటి పెట్టదలచినపుడు జాగ్రత్త వహింపవలెను. దెబ్బ పడినపుడు పొర పై మైక్రోఫోనునుండి దూరముగాను, క్రింది దానికి దగ్గరగాను కదలును. తరంగములు పరస్పర విరుద్ధములగును గనుక, క్రిందిదానిని తలక్రిందులు చేయు మీటను నొక్కవలెను. నొక్కకమునుపు, నొక్కిన పిమ్మట ఏది నిండుగా నున్నదో విద్యార్థి చెవియే తీర్పు చెప్పవలెను.

ధ్వనిబలము విషయమున తొందరపాటు కూడదు. కంప్యూటరు కొలమానములో సున్నయే తుది హద్దు. దానిని దాటిన శిఖరములు తెగిపోవును. పరీక్షకై వాయించునపుడు ఏ వాద్యకారుడైనను నెమ్మదిగానే వాయించును. పాటలో ఉత్సాహము వచ్చినపుడు చేయి బరువగును. అందుచేత 10 డెసిబెల్లుల వరకు ఎడముంచుట మేలు.

ఇక ముఖ్యవిషయము. ‘తరువాత యంత్రములో సరిచేయవచ్చును’ అను మాటను ప్రారంభకుని నాలుకపై నిలువనీయరాదు. హెచ్చుతగ్గులు తరువాత సరిదిద్దవచ్చును. తప్పుచోట నిలిపిన మైక్రోఫోను విననిదానిని ఎవ్వరును వినిపింపలేరు. అంతకు మించినది వాద్యకారుని శ్రమ. నాలుగు గంటలసేపు అతనిచేత ‘మరియొకసారి, మరియొకసారి’ అని స్నేర్ ఒక్కటే కొట్టించినచో, పాట ఆరంభమగునప్పటికి చేతులు అలసిపోవును, లయలోని జీవము సన్నగిల్లును. అప్పుడు ముద్రితమగునది అతని అలసటయే. కావున గురువు ప్రతి శిష్యుని కనీసము ఒకసారియైనను డ్రమ్ముల వెనుక కూర్చుండబెట్టి, నిరీక్షణ యెట్లుండునో తెలియజేయవలెను. దెబ్బలు చెవులకు హానికరములు గనుక చెవిబిరడాలను ఇచ్చుటయు ఆయన విధియే.

1971లో విడుదలైన లెడ్ జెపెలిన్ వారి ‘వెన్ ది లెవీ బ్రేక్స్’ పాటకు హెడ్లీ గ్రేంజ్ అను పాత భవనపు మెట్ల నడవలో డ్రమ్ములుంచి, పైనుండి వ్రేలాడదీసిన రెండు మైక్రోఫోనులతో ఆండీ జాన్స్ ముద్రించెను. జాన్ బోనమ్ వాయించిన ఆ డ్రమ్ములను నేటికిని విద్యార్థులు ఆదర్శముగా వినుచున్నారు. సమర్థుడగు వాద్యకారుడు, శ్రుతి కుదిరిన వాద్యము, పలుకు గది, వినగల చెవి—ఈ నాలుగును కుదిరినచోట రెండు మైక్రోఫోనులు చాలినవి. ఇవి కుదురుటకు ముందే మూడవదానికై చేయి చాపకుండునట్లు శిష్యుని తీర్చిదిద్దుటయే గురువు చేయవలసిన పని.