చదువు తర్వాత గడువు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ సభలో జ్ఞాపకాలు చెప్పుకోవడం ఆనవాయితీ. ఆ పని నాకంటే బాగా చేసేవాళ్లు వేదిక మీదే ఉన్నారు. నేను అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో, విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసులో పనిచేస్తున్నాను. అందుకే మన కార్యదర్శి గారు, "పిల్లల్ని పంపేవాళ్లకు పనికొచ్చే మాట ఒకటి చెప్పండి" అన్నారు. చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే అనుమతి గురించి, దాని పొడిగింపు గురించి చెబుతాను.

2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో 97 వేలమందికి పైగా చదువు పూర్తిచేసి, ఓపీటీ అనే శిక్షణ అనుమతి మీద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు. వాళ్లలో తెలుగువాళ్లు ఎందరో ఈ హాల్లో చేతులెత్తమంటేనే తెలిసిపోతుంది.

ఎఫ్-1 వీసా మీద చదివినవారికి డిగ్రీ తర్వాత ఓపీటీ 12 నెలలు. సైన్సు, ఇంజినీరింగు, గణితం వంటి కోర్సులు చదివినవారికి 2008లో మరో 17 నెలలు పొడిగించారు. ఆ నిబంధన తెచ్చేటప్పుడు ప్రజాభిప్రాయం తీసుకోలేదని 2015లో ఒక ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. అయితే వెంటనే అమలు కాకుండా ప్రభుత్వానికి కొంత సమయం ఇచ్చింది. ఆ వ్యవధిలోనే కొత్త నిబంధన తయారై 2016 మేలో అమల్లోకి వచ్చింది. దాంతో పొడిగింపు 24 నెలలైంది, మొత్తం 36. దీన్నీ అక్కడి టెక్నాలజీ ఉద్యోగుల సంఘం కోర్టులో సవాలు చేసింది. 2022లో అప్పీలు కోర్టు నిబంధనను సమర్థించింది. 2023లో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు.

ఆ సంఘం వాదనను కొట్టిపారేయకూడదు. ఓపీటీలో ఉన్న విద్యార్థికి చాలావరకు సామాజిక భద్రత పన్ను ఉండదు. యజమానికీ ఆ మేరకు మిగులుతుంది. మా వాళ్ల బదులు వీళ్లను తీసుకోవడానికి ఇదో ఆశ కాదా అని వాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే.

అయినా పొడిగింపు న్యాయమైనదనే నా అభిప్రాయం. హెచ్-1బీ వీసాలకు ఏడాదికి 65 వేలు, అక్కడ మాస్టర్స్ చదివినవారికి మరో 20 వేలు పరిమితి. దరఖాస్తులు అంతకు ఎన్నో రెట్లు. ఏడాదికి ఒక్కసారే ఎంపిక. పన్నెండు నెలలే ఉంటే పిల్లాడికి దక్కేది మహా అయితే ఒకటో రెండో అవకాశాలు. మూడేళ్లుంటే మూడు, ఒక్కోసారి నాలుగు. పూర్తి ఫీజు కట్టి చదివినవాడికి, నేర్చుకున్న పని చేసి చూపించడానికి ఆ మాత్రం వ్యవధి అడగడం అత్యాశ కాదు.

కానీ తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఈ పొడిగింపు చట్టసభ చేసిన చట్టం కాదు, ప్రభుత్వ శాఖ రాసిన నిబంధన. రాసిన చెయ్యే చెరపగలదు. బ్రిటన్‌నే చూడండి. చదువు తర్వాత రెండేళ్ల అనుమతిని 2012లో ఎత్తేశారు. 2021 జులైలో మళ్లీ తెచ్చారు. ఇప్పుడేమో 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే అంటున్నారు. పీహెచ్‌డీ వారికి మాత్రం మూడేళ్లే. కెనడా 2024 నవంబరు నుంచి భాషా పరీక్ష, కొన్ని కోర్సులకు చదివిన రంగం షరతు చేర్చింది. ఆస్ట్రేలియా 2023లో కొన్ని కోర్సులవారికి రెండేళ్లు పెంచి, 2024లో వెనక్కి తీసుకుంది. బయల్దేరేనాటి నిబంధన పట్టా చేతికొచ్చేనాటికి ఉంటుందన్న హామీ ఎక్కడా లేదు.

అందుకే ఇల్లో పొలమో తాకట్టు పెట్టి అప్పు తెచ్చేటప్పుడు, "మూడేళ్లు ఉద్యోగం చేసి తీర్చేస్తాడు" అని లెక్క వేయకండి. ఏడాదే ఉంటే ఎంత తీరుతుంది, తిరిగొచ్చి ఇక్కడ జీతంతో ఎంత తీరుతుంది అన్న లెక్క కూడా వేయండి. ఆ లెక్కకు నిలబడని కోర్సు ఎంత పేరున్నదైనా మన ఇంటికి తగినది కాదు.

ఇక పిల్లలకు. ఓపీటీ మొదలయ్యాక మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. పొడిగింపుతో కలిపి 150 రోజులు. పొడిగింపు కావాలంటే యజమాని ఈ-వెరిఫైలో నమోదై ఉండాలి, శిక్షణ ప్రణాళిక మీద సంతకం పెట్టాలి, పని చదువుకు సంబంధించినదై ఉండాలి. ఓపీటీ ముగిసేలోపే దరఖాస్తు చేయాలి. సకాలంలో చేస్తే, జవాబు వచ్చేదాకా 180 రోజుల వరకు పని కొనసాగించవచ్చు.

ఆ 90 రోజుల లెక్క దగ్గరే పిల్లలు భయపడిపోతారు. అప్పుడే ఎవరో ఫోను చేస్తారు. "మా కంపెనీ పేరు పెట్టుకో, కాగితాలు మేం చూసుకుంటాం, అనుభవం కూడా మేమే రాసిస్తాం" అంటారు. జీతం ఉండదు, పని ఉండదు, పైగా డబ్బు వాళ్లకే కట్టాలి. ఆ కాగితం ఆ నెలకు గట్టెక్కిస్తుంది కానీ, ఆ తర్వాత ప్రతి వీసా దరఖాస్తులోనూ వెంటాడుతుంది. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు చిక్కుల్లో పడ్డవాళ్లలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. ఫార్మింగ్టన్ పేరుతో అమెరికా ప్రభుత్వమే ఉత్తుత్తి యూనివర్సిటీ పెట్టి వేసిన వల 2019లో బయటపడింది, అందులోనూ మళ్లీ మనవాళ్లే పడ్డారు. కొందరు తెలిసే వెళ్లారు, కొందరు అడగడానికి మనిషి లేక వెళ్లారు.

ఆ రెండోవాళ్ల కోసం మనం చేయగలిగింది ఉంది. మన పూర్వ విద్యార్థుల్లో ఈ దారి నడిచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. సంఘం తరఫున పదిమంది పేర్లు, ఫోన్ నంబర్లు బడి ఆఫీసులో ఉంచుదాం. డబ్బు కట్టే ముందు ఆ కోర్సు వివరాలు, ఉద్యోగ ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఆ కాగితాలు ఒక్కసారి చదివి చెప్పడం వాళ్ల పని. చిక్కైన సంగతులైతే కాలేజీలోని విదేశీ విద్యార్థుల ఆఫీసుకో, వకీలుకో చూపించమంటారు. కమీషన్ లేని సలహా ఇచ్చే మనిషి ఊళ్లో ఒకరున్నారని పిల్లలకు తెలిస్తే చాలు. మొదటి పేరు నాది రాసుకోండి.

మాస్టార్లకు ఒక మనవి. మీ మాట తల్లిదండ్రులు ఇప్పటికీ వింటారు. పదో తరగతి పిల్లలకు విదేశీ చదువు గురించి చెప్పేటప్పుడు, "తిరిగొస్తే ఓడిపోయినట్టు కాదు" అని కూడా చెప్పండి. గడువు ముగిసి వచ్చిన పిల్లాణ్ని ఊరు ఎలా చూస్తుందోనన్న భయమే చాలామందిని తప్పుడు కాగితాల దాకా తోస్తోంది. అనుమతి పొడిగించడం మన చేతిలో లేదు. ఆ భయాన్ని తగ్గించడం మాత్రం మన చేతిలోనే ఉంది.