చిన్న మగకుక్కకు ఆపరేషన్: చేయించాలా, వద్దా?

(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ హెల్త్ కార్డుల గురించీ మాట్లాడుకునే చోట కుక్కల సంగతేమిటని కొందరు ముసిముసిగా నవ్వుకోవడం నాకు కనబడుతూనే ఉంది. ఈ అంశం నేను ఎంచుకున్నది కాదు. కిందటి సమావేశం అయ్యాక టీ తాగుతుంటే నలుగురు సభ్యులు, ఒకరి తరువాత ఒకరు, నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి ఒకటే ప్రశ్న అడిగారు. "నలుగురికి చెవిలో చెప్పే బదులు ఒకసారి మైకులో చెప్పండి" అని కార్యదర్శిగారు తీర్మానించారు. ఆ ప్రశ్న ఏమిటంటే, ఇంట్లో ఉన్న చిన్న మగకుక్కకు విత్తులు తీయించే ఆపరేషన్ చేయించాలా, అక్కర్లేదా అని.

మన ఇళ్ళలోకి కుక్క ఎలా వస్తుందో మీకు తెలియనిది కాదు. పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ముచ్చటపడి కొనుక్కుంటారు. తరువాత వీసా వస్తుంది. పిల్లలు విమానం ఎక్కుతారు, కుక్క బస్సెక్కి మన దగ్గరకు వస్తుంది. మా చింటూ అలా వచ్చినవాడే. తెల్లగా, బొచ్చుగా, ఎనిమిది కిలోలుంటాడు. పామరేనియన్ అంటున్నాం గానీ మన ఊళ్ళలో ఆ పేరుతో తిరిగేవి చాలావరకు ఇండియన్ స్పిట్జ్ అనే జాతివి.

నేను పశుసంవర్ధక శాఖలో లైవ్‌స్టాక్ అసిస్టెంటుగా చేరి, ప్రకాశం జిల్లా పల్లెల్లో ముప్ఫై నాలుగేళ్ళు తిరిగినవాణ్ణి. డాక్టరును కాను. డాక్టరుగారిని ఏమేమి అడగాలో తెలుసుకోవడానికి మాత్రమే నా మాటలు పనికివస్తాయని ముందుగా మనవి చేసుకుంటున్నాను.

ఈ పని మనకు కొత్తదేమీ కాదు. కోడె వేరు, ఎద్దు వేరు, ఆబోతు వేరు అని మన భాషే చెబుతోంది. కోడె నాగలికి, బండికి లొంగాలంటే విత్తుకొట్టించేవారు. దేవుడి పేర వదిలిన ఆబోతును మాత్రం అలా ఉంచేవారు, అది ఎవరి చేలో పడి మేసినా భరించేవారు. పాతకాలంలో కర్రల మధ్య పెట్టి నలగ్గొట్టే పద్ధతి ఉండేది. మా రోజులకు బర్డిజో పటకారు వచ్చింది. చర్మం తెగకుండా లోపలి నరాన్ని, రక్తనాళాన్ని నొక్కేస్తే విత్తు తనంతట తానే ఎండిపోతుంది. అలాంటివి నా సర్వీసులో ఎన్ని చూశానో లెక్కలేదు. చూసిన ఏ రైతూ "పాపం కాదా అండీ" అని అడిగిన జ్ఞాపకం లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా నిర్ణీత పద్ధతిలో చేస్తే దీన్ని హింస కిందకు తేలేదు.

మరి కోడె దగ్గర రాని సందేహం కుక్క దగ్గర ఎందుకు వస్తోంది? కోడె కొట్టంలో ఉండేది. కుక్క మన మంచం పక్కన పడుకుంటోంది, మనం దాన్ని "వాడు" అంటున్నాం. "వాడి"కి ఆపరేషన్ అనగానే మగవాళ్ళకు ఎక్కడో కలుక్కుమంటుంది. నన్ను పక్కకు పిలిచిన నలుగురూ మగవాళ్ళే, అందుకే గొంతు తగ్గింది. ఆ కలుక్కుమనడం మనది, కుక్కది కాదు. దాన్ని పక్కన పెట్టకపోతే ఈ విషయం తేలదు.

ఇంకొక గందరగోళం. మనలో కొందరు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుని స్పెషల్ ఇంక్రిమెంటు తీసుకున్నవాళ్ళున్నారు. కుక్క ఆపరేషన్ కూడా అదేననుకుంటున్నారు. కాదు. మనుషుల్లో గొట్టాన్ని మాత్రమే కత్తిరించి ముడివేస్తారు, మిగిలినదంతా యథావిధిగా ఉంటుంది. కుక్కకు విత్తులు రెండూ తీసేస్తారు. దాంతో మగ హార్మోను తయారీ దాదాపుగా ఆగిపోతుంది. లాభాలు వచ్చినా, నష్టాలు వచ్చినా ఆ హార్మోను తగ్గడం వల్లనే.

ముందు ఆరోగ్యం సంగతి. ప్రోస్టేటు గ్రంథి అంటే ఈ హాలులో వివరించి చెప్పనక్కరలేదు. విత్తులున్న మగకుక్కల్లో వయసు మీరేకొద్దీ అది పెరుగుతుంది. మనకు మూత్రం దగ్గర అడ్డుపడుతుంది. కుక్కలో అది వెనక్కి పెరిగి పెద్దపేగును నొక్కుతుంది కాబట్టి ఎక్కువగా దొడ్డికి కూర్చున్నప్పుడు ముక్కుతుంది. ఒక్కొక్కసారి నెత్తురు చుక్కలు కూడా పడతాయి. విత్తులు తీసేస్తే కొన్ని వారాల్లో గ్రంథి కుంచించుకుపోతుంది. మనకు ఇంత సులువైన వైద్యం లేకపోవడం మన దురదృష్టమో అదృష్టమో మీరే తేల్చుకోండి. ముసలి మగకుక్కల్లో విత్తుల మీద గడ్డలు రావడం కూడా ఉంది. విత్తులు లేకపోతే ఆ గడ్డలూ లేవు. కానీ ప్రోస్టేటు కాన్సరును ఈ ఆపరేషన్ ఆపదు. ఆ మాట కూడా చెప్పకపోతే సగం నిజం చెప్పినట్లవుతుంది.

మరోపక్క, ఆ గడ్డలు చాలావరకు ఇతర అవయవాలకు పాకేవి కావు. వచ్చాక తీయించినా నయమవుతాయి. ప్రోస్టేటు కూడా ఇబ్బంది పెట్టినప్పుడు తీయిస్తే తగ్గుతుంది. కాబట్టి మగకుక్కకు "ఇప్పుడే చేయించకపోతే ప్రాణాపాయం" అని ఎవరైనా తొందరపెడితే తొందరపడనక్కరలేదు. ఆడకుక్కల సంగతి వేరు, వాటికి గర్భాశయంలో చీముపట్టే ప్రమాదం ఉంది. అయితే వాయిదా వేసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. నాలుగేళ్ళ కుక్కకు మత్తు ఇవ్వడం వేరు, గుండె బలహీనపడిన పదమూడేళ్ళ కుక్కకు ఇవ్వడం వేరు.

మత్తంటే అందరికీ భయమే. బ్రిటన్‌లో 2008లో ప్రచురించిన ఒక పెద్ద పరిశీలనలో, ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో మత్తు వల్ల చనిపోయినవి సుమారు రెండు వేలకు ఒకటి అని తేలింది. అన్నిచోట్లా అదే లెక్క ఉంటుందని నేను అనను. ముందుగా రక్తపరీక్ష చేస్తారా, మత్తులో ఉన్నంతసేపూ ఒకరు కనిపెట్టుకుని ఉంటారా, ఒంటి వేడి పడిపోకుండా చూస్తారా అని అడగండి. చిన్న కుక్కలు త్వరగా చల్లబడిపోతాయి.

పెద్దజాతి కుక్కలున్న బంధువుల మాటలు విని కొందరు భయపడుతున్నారు, కీళ్ళు పాడవుతాయని. ఆ మాటకు ఆధారం ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ వారు 2013లో గోల్డెన్ రిట్రీవర్ల మీద చేసిన పరిశీలనలో, ఏడాది లోపే ఆపరేషన్ చేసినవాటిలో కీళ్ళ జబ్బులు ఎక్కువగా కనిపించాయి. అదే బృందం 2020లో 35 జాతుల ఫలితాలు ప్రకటించింది. వాటిలో పామరేనియన్, పగ్, చివావా వంటి చిన్న జాతుల్లో ఆ కీళ్ళ పెరుగుదల కనబడలేదు. మన ఇండియన్ స్పిట్జ్ ఆ జాబితాలో లేదు గానీ, ఎనిమిది కిలోల ఒంటికి నలభై కిలోల ఒంటి లెక్క కట్టకూడదనే నా అభిప్రాయం. చిన్న జాతులకు ఆరు నెలలు దాటాక ఎప్పుడైనా చేయించవచ్చని సాధారణంగా చెబుతారు.

ఒక్క సందర్భంలో మాత్రం వాదనే లేదు. పిల్లకు రెండు నెలలొచ్చేసరికి రెండు విత్తులూ తిత్తిలోకి దిగాలి. ఆరు నెలలు దాటినా చేతికి ఒకటే తగిలితే, రెండోది కడుపులోనో గజ్జల్లోనో ఆగిపోయిందన్నమాట. చిన్న జాతుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. అలా ఆగిపోయినదానికి గడ్డ లేచే అవకాశం చాలా ఎక్కువ. పైగా ఆ లోపం పిల్లలకూ వస్తుంది. దాన్ని తీయించాల్సిందే. ఇవాళ ఇంటికి వెళ్ళగానే ఒకసారి తడిమి చూడండి, సిగ్గుపడకండి.

ఇక ప్రవర్తన. అసలు మనవాళ్ళు అడిగేది దీని గురించే. ఒక మిత్రుడి కుక్క దీపావళి టపాసులకు వణికిపోతుంది, కొత్తవాళ్ళు చెయ్యి చాపితే కరుస్తుంది. ఆపరేషన్ చేయిస్తే నెమ్మదిస్తుందా అని ఆయన ప్రశ్న. నా సలహా, చేయించకండి. అది మగతనం వల్ల వచ్చిన కోపం కాదు, భయం. మగ హార్మోను కాస్త ధైర్యాన్నిచ్చేది. దాన్ని తీసేస్తే పిరికికుక్క మరింత పిరికిదయ్యే అవకాశం ఉంది. అనవసరంగా మొరగడానికీ దీనికీ సంబంధం లేదు. మొరిగే కుక్క ఆపరేషన్ అయ్యాకా మొరుగుతుంది. తగ్గేవేమిటంటే ఆడకుక్క వాసన పట్టి ఇల్లు వదిలి పోవడం, సోఫా కాళ్ళకు మూత్రం పోయడం, వచ్చినవాళ్ళ కాళ్ళమీద ఎక్కడం. ఇవి చాలా కుక్కల్లో తగ్గుతాయి, అన్నింటిలోనూ కాదు. "ఒకసారి జతకట్టిస్తే చల్లబడుతుంది" అనే మాట నమ్మకండి. రుచి తెలిశాక ఆరాటం పెరుగుతుందే గాని తగ్గదు. అరవై మూడు రోజుల తరువాత పుట్టే ఆ పిల్లల్ని ఎవరు తీసుకుంటారు? వీధికుక్కల సంతాన నియంత్రణకు ప్రభుత్వం 2001లో నియమాలు చేసి, వాటి స్థానంలో 2023లో కొత్తవి తెచ్చింది. ఇటు మున్సిపాలిటీ వారు పట్టుకెళ్ళి ఆపరేషన్లు చేయిస్తుంటే, అటు మనింటి కుక్కే వీధిలో పిల్లల్ని పుట్టించి వస్తే ఎలా?

మా చింటూ సంగతి ఇక్కడే వస్తుంది. మూడేళ్ళు వాడికి ఏమీ చేయించలేదు. మా ఆవిడకు ఇష్టం లేదు. "నోరులేని జీవం. వాణ్ణి అడక్కుండా మనమెలా చేయిస్తామండీ?" అనేది. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు ఆ ప్రశ్న ముందు చెల్లలేదు. కుక్కల విషయంలో చిత్తకార్తెకు ఉన్న పేరు మీకు తెలుసు. నాలుగో ఏడు చిత్తకార్తెలో పాలవాడు గేటు తీసిన సందులోంచి వాడు దూసుకుపోయాడు. నాకు డెబ్బై రెండు, మా ఆవిడకు మోకాలి మార్పిడి అయింది. ఇద్దరిలో ఎవరూ పరిగెత్తలేం. రెండు రాత్రుల తరువాత వచ్చాడు, చెవి చీలి, తొడమీద పళ్ళ గాట్లతో. ఇరవై కిలోల వీధికుక్కల గుంపులో ఎనిమిది కిలోలవాడు. ఏటేటా రేబిస్ టీకా వేయిస్తున్నాం కాబట్టి ఆ భయం కొంత తగ్గింది. అయినా ఆ రోజే మళ్ళీ వేయించాను.

ఆ రాత్రి ఆవిడే అడిగింది, "చేయిస్తే వాడు మనమీద కోపం పెట్టుకుంటాడా?" అని. వాడికి తెలిసేది నొప్పి, ఆకలి, మన గొంతు. పోయినదాన్ని గురించి కూర్చుని విచారించేది మనుషులే అన్నాను. "అయితే నొప్పి తెలియకుండా చేస్తారో లేదో ముందు అది కనుక్కోండి" అంది. నా బర్డిజో రోజుల్లో కోడెకు ఎవరూ మత్తివ్వలేదు. ఇప్పుడు కుక్కకు పూర్తి మత్తు, తరువాత నొప్పి మందు రెండూ ఇస్తారు. అది కనుక్కుని వచ్చాకనే ఆవిడ సరేనంది. మరుసటి చిత్తకార్తెకు ముందే, శ్రావణమాసంలో చేయించాం.

ఫలితం అడుగుతారు. కాలింగ్ బెల్లు మోగితే ఇప్పటికీ ఇల్లెగిరిపోయేలా మొరుగుతాడు. గేటు స్తంభం దగ్గర కాలెత్తడం మానలేదు. కిందటి చిత్తకార్తెలో గేటు దగ్గర కూర్చుని రెండు రోజులు మూలిగాడు, బయటికి మాత్రం పోలేదు. అది ఆపరేషన్ వల్లనో, నేను గేటుకు వేయించిన కొత్త గొళ్ళెం వల్లనో పందెం కాయలేను. మీ కుక్క గడప దాటనిదైతే, రెండూ కిందికి దిగి ఉంటే, మిమ్మల్ని ఏ ఇబ్బందీ పెట్టకపోతే, అలాగే ఉంచండి. ఏటా ఒకసారి డాక్టరుగారి చేత విత్తులూ ప్రోస్టేటూ పరీక్ష చేయించండి. అది కూడా సరైన నిర్ణయమే.

చేయించేవారికి కొన్ని సంగతులు. ముందు రాత్రి నుంచి ఎప్పుడు తిండి ఆపాలో డాక్టరుగారు చెప్పినట్లే ఆపండి. మరీ చిన్నపిల్లల్ని ఎక్కువసేపు పస్తుంచకూడదు. బొచ్చుకుక్క అయితే అవసరమైనంత మేరకే గొరగమనండి, స్పిట్జ్ రకాలకు బొచ్చు మళ్ళీ రావడానికి నెలలు పడుతుంది. పది రోజులు మెడకు గరాటు లాంటి కాలరు ఉంచాలి, లేకపోతే కుట్లు నాకి పెరికేస్తుంది. స్నానం వద్దు, మెట్లెక్కడం వద్దు. మన మందుల డబ్బాలోంచి నొప్పి మాత్ర తీసి వేయకండి. ఐబుప్రోఫెన్ కుక్కకు విషం. ఆపరేషన్ అయిన కొన్ని వారాల వరకూ దానికి పిల్లల్ని కనే శక్తి మిగిలి ఉంటుంది కాబట్టి కనీసం ఓ నెల ఆడకుక్కలకు దూరంగా ఉంచండి.

చివరిగా తిండి. హార్మోను తగ్గాక ఒంటికి కావలసిన తిండి తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. పెట్టేదానిలో నాలుగో వంతు దాకా తగ్గించి, నెలకోసారి తూకం వేసి చూడాలి. కిరాణా కొట్టు తక్కెడ అక్కర్లేదు. కుక్కను ఎత్తుకుని బరువు చూసుకుని, దింపి మళ్ళీ చూసుకుంటే తేడా తెలుస్తుంది. మా చింటూ రెండు నెలల్లో అరకిలో పెరిగాడు. వాడి పెరుగన్నం నేను తగ్గిస్తే, నేను పేపరు చదువుకునే వేళ చూసి మా ఆవిడ బిస్కెట్లు పెడుతోంది. ఆ బేరం ఇంకా తెగలేదు. ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. సెలవు.