మైకేల్ లైటన్: 50 షటౌట్లు, ఒక్క గోల్

మనం ఎక్కువగా పెద్ద పెద్ద ఆటగాళ్ల గురించే మాట్లాడుకుంటాం. కానీ ఏ ఆటలోనైనా పైన పది మంది స్టార్లుంటే, వాళ్ల కింద కొన్ని వందల మంది ఉంటారు. ఇవాళ ఈ జట్టు, రేపు ఇంకో జట్టు, ఎల్లుండి కింది లీగ్. ఇంగ్లీషులో వీళ్లని జర్నీమన్ అంటారు. పని బాగా వచ్చినవాడే, కానీ ఒకచోట స్థిరంగా ఉండనివ్వరు. ఈ ఎపిసోడ్‌లో అలాంటి ఒక ఐస్ హాకీ గోల్‌కీపర్ గురించి చెప్తాను. పేరు మైకేల్ లైటన్. కెనడాలో అంటారియో రాష్ట్రం, పెట్రోలియా అనే చిన్న ఊరు. పుట్టింది 1981లో.

ముందు ఐస్ హాకీ గోలీ ఉద్యోగం ఎలాంటిదో చూద్దాం. అమెరికా, కెనడా కలిపి నడిచే పెద్ద లీగ్ ఎన్‌హెచ్ఎల్. లైటన్ ఆడే రోజుల్లో అందులో చాలాకాలం 30 జట్లు ఉండేవి. ఒక్కో జట్టులో ఇద్దరు గోలీలు. అంటే మొత్తం 60 సీట్లు. అందులో సగం మంది బెంచీ మీద కూర్చునేవాళ్లే. మన క్రికెట్‌లో వికెట్ కీపర్ సంగతి గుర్తు చేసుకోండి. ధోనీ ఉన్నన్నాళ్లూ దినేశ్ కార్తీక్, పార్థివ్ పటేల్ లాంటివాళ్లు ఎంత కాలం ఎదురు చూశారో మనకు తెలుసు. కీపర్ స్థానం ఒకటే కదా. ఇక్కడా అంతే. ఇంకా చెప్పాలంటే కీపర్‌కి బ్యాటింగ్ వస్తే బ్యాట్స్‌మన్‌గా అయినా ఆడిస్తారు. గోలీకి ఆ దారి కూడా లేదు.

లైటన్‌ని 1999లో చికాగో బ్లాక్‌హాక్స్ డ్రాఫ్ట్‌లో తీసుకుంది, ఆరో రౌండ్‌లో, 165వ వాడిగా. అంటే అప్పటికే 164 మంది పేర్లు పిలిచేశారన్నమాట. 2003 జనవరిలో ఎన్‌హెచ్ఎల్‌లో మొదటి మ్యాచ్, ఫీనిక్స్ మీద. ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. అలా ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ మొత్తం ఆడితే దాన్ని షటౌట్ అంటారు. మొదటి మ్యాచ్‌లోనే షటౌట్! కానీ ఆ మ్యాచ్ గెలవలేదు. 0-0 డ్రా. అప్పట్లో డ్రాలు ఉండేవి. ఎంత బాగా ఆపినా, తన జట్టువాడు అవతల ఒక గోల్ కొట్టకపోతే గోలీ గెలవలేడు. ఆ సంగతి మొదటి రోజే తెలిసొచ్చింది.

ఇప్పుడు వేవర్స్ అనే పద్ధతి గురించి చెప్పాలి. ఇది తెలియకపోతే ఈ కెరీర్ అర్థం కాదు. కొంత అనుభవం ఉన్న ఆటగాణ్ణి కింది లీగ్‌కి పంపాలంటే జట్టు ముందు అతని పేరు వేవర్స్‌లో పెట్టాలి. 24 గంటల్లోపు మిగతా జట్లలో ఎవరైనా "మాకు కావాలి" అంటే వాళ్లకి వెళ్లిపోతాడు. ఎవరూ అడగకపోతే కింది లీగ్‌కి వెళ్తాడు. ఆటగాణ్ణి ఎవరూ అడగరు. పొద్దున లేచేసరికి ఏ ఊరో తెలియదు.

2006-07 సీజన్ చూడండి. లైటన్ అనాహైమ్ జట్టు దగ్గర ఉన్నాడు. వేవర్స్‌లో పెడితే నాష్‌విల్ తీసుకుంది. కొన్ని వారాలకు వాళ్లూ పెట్టారు, ఫిలడెల్ఫియా తీసుకుంది. మళ్లీ వేవర్స్, ఈసారి మాంట్రియల్. ఒకే సీజన్‌లో నాలుగు సంస్థలు! మాంట్రియల్ తీసుకుంది గానీ ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు. ఆ వేసవిలో ఒక డ్రాఫ్ట్ పిక్‌కి కరొలైనాకి ఇచ్చేసింది. ఈ మాంట్రియల్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

కరొలైనా అతన్ని తమ కింది జట్టు ఆల్బనీకి పంపింది. అది ఏహెచ్ఎల్ అనే లీగ్, ఎన్‌హెచ్ఎల్ కింద రెండో మెట్టు. అక్కడ 2007-08 సీజన్‌లో లీగ్ మొత్తానికి ఉత్తమ గోలీ అవార్డు అందుకున్నాడు. ఆ ఏడాది ఏప్రిల్ 24న ఫిలడెల్ఫియా ఫాంటమ్స్‌తో ప్లేఆఫ్ మ్యాచ్. మామూలుగా మ్యాచ్ 60 నిమిషాలు. స్కోరు 2-2తో ఆగింది. ఓవర్‌టైమ్. ఎవరూ కొట్టలేదు. రెండో ఓవర్‌టైమ్, మూడోది, నాలుగోది. అయిదో ఓవర్‌టైమ్‌లో గోల్ పడింది. మొత్తం ఆట 142 నిమిషాల 58 సెకన్లు, అంటే రెండు మ్యాచ్‌ల కంటే ఎక్కువ. ఆ లీగ్ చరిత్రలో అప్పటికి అదే అతి పొడవైన మ్యాచ్. 2018 దాకా ఆ రికార్డు నిలిచింది. లైటన్ మీదికి వచ్చిన షాట్లు 101. ఆపినవి 98. ఓడిపోయింది అతని జట్టే. 98 ఆపినవాడి పేరు పక్కన రికార్డుల్లో "ఓటమి" అని రాస్తారు.

ఇక 2009 డిసెంబర్. కరొలైనా మళ్లీ వేవర్స్‌లో పెట్టింది. ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ గోలీకి గాయమై, వేరే దారి లేక తీసుకుంది. అంతే, మనిషి నిలదొక్కుకున్నాడు. ఆ సీజన్‌లో ఫ్లయర్స్‌కి 16 మ్యాచ్‌లు గెలిపించాడు, ఓడినవి 5. ఆ ఏడాది ఫ్లయర్స్ ప్లేఆఫ్స్‌కి చేరింది సీజన్ చివరి రోజున. అంటే ఆ గెలుపుల్లో ఒకటి రెండు తగ్గినా తర్వాత జరిగిందేదీ జరగదు. ఈలోగా మార్చిలో చీలమండకు గాయం, కొన్ని వారాలు బయట.

రెండో రౌండ్ బోస్టన్‌తో. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ఫ్లయర్స్ మొదటి మూడూ ఓడిపోయింది. నాలుగోది గెలిచింది. అయిదో మ్యాచ్ మధ్యలో గోలీ బ్రయాన్ బౌషేకి మోకాళ్లకు దెబ్బ తగిలింది. అప్పుడే గాయం నుంచి తేరుకున్న లైటన్ దిగాడు. అది గెలిచారు, ఆరోది గెలిచారు, ఏడో మ్యాచ్‌లో 0-3 వెనకబడి 4-3తో గెలిచారు. 0-3 నుంచి సిరీస్ గెలిచిన జట్లు అప్పటికి ఎన్‌హెచ్ఎల్ చరిత్రలో రెండే, 1942లో టొరంటో, 1975లో న్యూయార్క్ ఐలాండర్స్. ఇది మూడోది.

తర్వాతి రౌండ్ ఎవరితో అనుకున్నారు? మాంట్రియల్‌తో! ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండా పంపేసిన జట్టుతో. అయిదు మ్యాచ్‌ల్లో మూడు షటౌట్లు చేశాడు.

ఫైనల్ చికాగోతో. 1999లో తనను డ్రాఫ్ట్ చేసిన జట్టుతో. నిజం చెప్పాలంటే ఆ ఫైనల్‌లో లైటన్ బాగా ఆడలేదు. రెండు మ్యాచ్‌ల్లో మధ్యలోనే బయటికి తీసేశారు. 2010 జూన్ 9, ఆరో మ్యాచ్, ఓవర్‌టైమ్. పాట్రిక్ కేన్ పక్క నుంచి, చాలా ఇరుకైన కోణంలో పక్‌ను కొట్టాడు. అది లైటన్ కాళ్ల మధ్య నుంచి వెళ్లి నెట్ కింది ప్యాడింగ్‌లో ఇరుక్కుపోయింది. పక్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కేన్ ఒక్కడే చేతులు పైకెత్తి పరిగెత్తాడు. చికాగోకి 1961 తర్వాత మొదటి కప్పు. ఇవాళ్టికీ ఆ వీడియో వేస్తూనే ఉంటారు. అందులో కేన్ ఆనందం కనిపిస్తుంది, లైటన్ కాళ్ల మధ్య ఖాళీ కనిపిస్తుంది.

చాలామందికి లైటన్ కథ అక్కడితో అయిపోయింది. అసలు కథ అక్కడితో అవ్వలేదు. వెన్నుకు ఆపరేషన్ అయింది. ఫ్లయర్స్‌లో కొత్త కుర్రాడు బొబ్రోవ్‌స్కీ సీటు పట్టేశాడు. లైటన్ మళ్లీ కింది లీగ్‌కి. 2013-14లో ఉక్రెయిన్ వెళ్లి డొనెట్స్క్ నగరంలోని డాన్‌బాస్ జట్టుకి ఆడాడు. అదెలాంటి ఏడాదో మీకు తెలుసు. అల్లర్ల వల్ల ఆ జట్టు తన సొంత ప్లేఆఫ్ మ్యాచ్‌లు స్లొవేకియాలోని బ్రాటిస్లావాలో ఆడాల్సొచ్చింది. 2014 మే నెలలో వాళ్ల స్టేడియాన్నే తగలబెట్టారు.

తిరిగొచ్చి చికాగో వాళ్ల కింది జట్టు రాక్‌ఫర్డ్‌లో చేరాడు. అక్కడ ఏం చేశాడంటే, ఏహెచ్ఎల్‌లో జానీ బవర్ పేర రికార్డు ఒకటుంది, కెరీర్‌లో 45 షటౌట్లు. బవర్ అంటే తర్వాత టొరంటోకి కప్పులు గెలిపించి హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కిన మనిషి. 1950ల నాటి ఆ రికార్డును లైటన్ దాటేశాడు. చివరికి 50 దగ్గర ఆగాడు.

ఇక్కడే నాకు ఒక ప్రశ్న. కింది లీగ్‌లో అత్యధిక షటౌట్ల రికార్డు అంటే గొప్పా, కాదా? కొందరు అంటారు, "పైకి వెళ్లలేకపోయాడు కాబట్టే కింద అన్ని చేశాడు" అని. అది అబద్ధం కాదు. పైన అతను ఆడినవి వందకు కాస్త ఎక్కువ మ్యాచ్‌లే. కానీ ఇంకో వైపు చూడండి. పదిహేనేళ్ల పైన, ప్రతిసారీ ఎవరో ఒకరు "మాకు గోలీ కావాలి" అన్నారు. వచ్చిన ప్రతి ఊళ్లో, పేర్లు కూడా తెలియని డిఫెండర్ల వెనక నిలబడి పని చేసి చూపించాడు. లాకర్ ఖాళీ చేసి వెళ్లమన్నప్పుడు వెళ్లాడు. మళ్లీ నిరూపించుకున్నాడు. ఇది ఒక్కసారి కాదు, అన్నిసార్లు.

కాంట్రాక్టు ఉద్యోగాలు చేసేవాళ్లు, ప్రాజెక్టు అయిపోగానే బెంచీ మీద కూర్చునేవాళ్లు మన చుట్టూ ఎంతమంది లేరు? వాళ్లకి ఈ కథ కొత్తగా అనిపించదు. ఒక మనిషి పనిని అతని చివరి తప్పుతో కొలవడం సులువు, ఎందుకంటే ఆ తప్పుకు వీడియో ఉంటుంది. ఆపిన 98 షాట్లకు ఉండదు. అందుకే ఈ ఎపిసోడ్ ఆ 98 గురించి చేశాను.

మీకు తెలిసిన ఇలాంటి ఆటగాళ్లుంటే, ఏ ఆటైనా సరే, రాయండి. మళ్లీ కలుద్దాం. ఉంటాను, నమస్కారం.